ఎండాకాలం కొలతలు, వరదకాలం నేల

మిస్సోరి నదిలో స్టీమర్ ఎంత ఎగువకు పోగలదో అంత పోతే ఫోర్ట్ బెంటన్ వస్తుంది. ఇంకా పైకి వెళ్తే వరుసగా జలపాతాలు. పడవ ఎక్కేది కాదు. ఖండానికి అవతలి వైపున పసిఫిక్ సముద్రం నుంచి కొలంబియా నదికి ఎదురెక్కితే వాలులా రేవు, అక్కడికి ఒక రోజు ప్రయాణంలో వాలావాలా సైనిక కోట. ఈ రెండు చోట్ల మధ్య మిగిలిన నేలను దాటగలిగితే అమెరికా తూర్పు పడమరలు ఒక దారిన కలుస్తాయి. ఆ మిగిలిన నేలలో రాకీ పర్వతాలున్నాయి, బిటర్‌రూట్ కొండలున్నాయి, ఆకాశాన్నంటే దేవదారు అడవులున్నాయి, ఏడాదిలో సగం రోజులు మంచు ఉంది. చివరికి అక్కడ పడిన దారి పొడవు 624 మైళ్లు, అంటే సుమారు వెయ్యి కిలోమీటర్లు. వేసింది సైన్యం. వేయించింది జాన్ మల్లన్ అనే లెఫ్టినెంట్. పని మొదలయ్యేనాటికి అతనికి ఇంకా ముప్పయ్యేళ్లు కూడా నిండలేదు.

సైన్యమే ఎందుకు వేయాలి? అప్పట్లో, అంటే పందొమ్మిదో శతాబ్దం మధ్యలో, ఒక రాష్ట్రం లోపల రోడ్లకూ కాలవలకూ కేంద్రం డబ్బు ఖర్చు పెట్టవచ్చా లేదా అన్నది వాషింగ్టన్‌లో తెగని వివాదం. ఇంకా రాష్ట్రాలు కాని పశ్చిమ ప్రాంతాల్లో, అందులోనూ ‘సైనిక అవసరం’ అనే పేరు మీద అయితే, అడ్డు చెప్పేవాళ్లు తక్కువ. పైగా కొండలు కొలవడం వచ్చినవాళ్లు ఎక్కువగా సైన్యంలోనే ఉండేవారు. వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో గణితం, సర్వే, పటాల గీత గట్టిగా నేర్పేవారు. 1838లో సైన్యం పటాలు గీసే ఇంజనీర్లకు ప్రత్యేక దళాన్నే ఏర్పాటు చేసింది. మల్లన్ ఆ దళంవాడు కాదు, ఫిరంగి దళం అధికారి. అయినా 1852లో వెస్ట్ పాయింట్ నుంచి బయటికొచ్చిన మరుసటి ఏడాదే పసిఫిక్ రైలు మార్గం కోసం జరిగిన సర్వేలో చేరాడు. ఉత్తరపు మార్గం సర్వేకు నాయకుడు ఐజక్ స్టీవెన్స్, వాషింగ్టన్ ప్రాంతానికి కొత్తగా వచ్చిన గవర్నర్.

1853-54 చలికాలం మల్లన్ బిటర్‌రూట్ లోయలో గడిపాడు. ఖాళీగా కూర్చోలేదు. ఖండాన్ని రెండుగా చీల్చే జలవిభాజక రేఖను ఆ ఒక్క చలికాలంలో ఆరుసార్లు దాటాడు. మంచు ఎక్కడ ఎంత లోతు, ఏ కనుమలో గుర్రానికి మేత దొరుకుతుంది, ఎక్కడ దొరకదు, అన్నీ రాసుకున్నాడు. 1854 మార్చిలో ఫోర్ట్ బెంటన్ నుంచి ఒక బండిని తోలుకుంటూ సుమారు 5,900 అడుగుల ఎత్తున్న కనుమ గుండా ఇవతలికి తెచ్చాడు. దానికి ఇప్పటికీ మల్లన్ కనుమ అనే పేరు. కొత్తగా కనిపెట్టాడని పుస్తకాలు రాస్తాయి గానీ, ఆ కొండల మీద స్థానికులైన సాలిష్ ప్రజలు తరతరాలుగా బైసన్ అనే అడవిదున్నల వేటకు తూర్పు మైదానాలకు పోయి వస్తూనే ఉన్నారు. మల్లన్ దాటించింది బండిని. ఆ తేడా చిన్నది కాదు, అలాగని పుస్తకాలు చెప్పినంత పెద్దదీ కాదు.

మనిషి నడిచే దారికీ బండి నడిచే దారికీ మధ్య ఉన్న తేడా అంతా లెక్కల్లో ఉంది. సరుకుతో కలిపి ఒక టన్ను బరువున్న బండిని గట్టి మట్టిబాట మీద, చదును నేలలో లాగాలంటే దాని బరువులో సుమారు ఇరవయ్యో వంతు బలం చాలు. అంటే 50 కిలోల బరువు ఎత్తేటంత బలం. అదే బండి పది అడుగులకు ఒక అడుగు లేచే ఎగుడు ఎక్కితే, నేల రాపిడికి తోడు బండి బరువులో పదో వంతు అదనంగా మీద పడుతుంది. 50 కాస్తా 150 అవుతుంది. చదునులో రెండెడ్లు లాగే బండికి అక్కడ ఆరెడ్లు కట్టాలి. బురద అయితే చదునులోనే అంత బలం కావాలి. బురదా ఎగుడూ కలిస్తే సరుకు దింపి మోసుకుపోవడం తప్ప మార్గం లేదు. దిగుడు ఇంకా ప్రమాదం. వెనక చక్రాలను గొలుసులతో కట్టేసి, బండి వెనక ఒక చెట్టు మానును ఈడ్చుకుంటూ దించేవారు. అందుకే దారి వేసేవాడి అసలు పని గొడ్డలి పట్టకముందే మొదలవుతుంది. ఎటు నుంచి పోతే ఎగుడు తగ్గుతుందో, ఎటు పోతే బురద తప్పుతుందో తేల్చుకోవడమే ఆ పని.

తేల్చుకోవడానికి అతని దగ్గర ఉన్న పరికరాలు చూస్తే ముచ్చటేస్తుంది. దూరానికి ఓడోమీటరు: బండి చక్రానికి తగిలించిన పెట్టె, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతుంది. చుట్టుకొలతతో గుణిస్తే దూరం వస్తుంది. రాళ్ల మీద చక్రం ఎగిరినా, బురదలో జారినా, బండివాడు పడిపోయిన చెట్టును చుట్టి వెళ్లినా అదంతా లెక్కలోకి ఎక్కుతుంది. దిక్కుకు దిక్సూచి, అక్షాంశానికి నక్షత్రాలు. ఎత్తుకు పాదరసపు బారోమీటరు. వెయ్యి అడుగులు పైకి పోయిన కొద్దీ గాజు గొట్టంలోని పాదరసం దాదాపు ఒక అంగుళం దిగుతుంది. చిక్కేమిటంటే వాన రాబోతున్నా పాదరసం దిగుతుంది! కొండ ఎక్కినందుకు దిగిందా, మబ్బు పట్టినందుకు దిగిందా తెలియాలంటే మరో బారోమీటరును ఒకచోట కదలకుండా ఉంచి, రెండిటినీ ఒకే వేళకు చదివి పోల్చాలి. పైగా గొట్టం సుమారు గజం పొడవుంటుంది, గాజుది. లోపల పాదరసం కుదుపుకు కొట్టుకుంటే పగిలిపోతుంది. కాబట్టి కింది తొట్టిని మరతో బిగించి, పరికరాన్ని తలకిందులు చేసి, ఒక మనిషి వీపున తగిలించుకుని నడిచేవాడు. రాకీ పర్వతాల ఎత్తులు పటాల్లోకి ఎక్కింది అలాంటి వీపుల మీదనే.

అమెరికా కాంగ్రెస్ ఈ దారికి 1855లోనే 30,000 డాలర్లు మంజూరు చేసింది. పని మాత్రం 1858 దాకా మొదలుకాలేదు, మొదలవగానే ఆగిపోయింది. తమ నేల మీదుగా సైనిక రోడ్డు వస్తున్నదన్న కబురు కోర్ డలేన్, స్పోకేన్, పలూస్ తెగల ప్రజలకు ముందే చేరింది. రోడ్డు వస్తే ఏమేం వస్తాయో వాళ్లకు తెలుసు. ఆ మే నెలలో కర్నల్ స్టెప్టో దళాన్ని వాళ్లు ఓడించి తరిమారు. జవాబుగా సెప్టెంబరులో కర్నల్ జార్జ్ రైట్ పెద్ద బలగంతో వచ్చాడు. ఫోర్ లేక్స్, స్పోకేన్ మైదానం యుద్ధాల్లో గెలిచాడు. స్పోకేన్ నది ఒడ్డున సుమారు 800 గుర్రాలను పట్టుకుని కాల్చి చంపించాడు. గుర్రం పోతే వేట పోతుంది, బ్రతుకు పోతుంది అని తెలిసి చేసిన పని. లొంగిపోయిన కోర్ డలేన్ ప్రజలతో రాయించుకున్న ఒప్పందంలో తెల్లవారు వాళ్ల నేల మీదుగా నిరాటంకంగా వెళ్లవచ్చన్న షరతు ఉంది. ఆ దండయాత్రలో నెజ్ పెర్స్ తెగ వేగులకు నాయకత్వం వహించినవాడు, దాని పటం గీసినవాడు మల్లనే. రోడ్డు కథను ఇంజనీరింగ్ కథగా మాత్రమే చెప్పేవాళ్లు ఈ పేజీని వేగంగా తిప్పేస్తారు.

1859 మార్చిలో కాంగ్రెస్ మరో లక్ష డాలర్లు ఇచ్చింది. జూలై 1న వాలావాలా నుంచి బృందం కదిలింది. కావలికి సుమారు వందమంది సైనికులు, వాళ్లు కాక గొడ్డళ్లవాళ్లు, బండ్లవాళ్లు, వడ్రంగులు, సర్వేయర్లు. గుస్తావస్ సోహన్ అనే జర్మన్ వలసజీవి కూడా వాళ్లలో ఉన్నాడు. సైన్యంలో మామూలు సిపాయిగా చేరి, సాలిష్ భాష నేర్చి, ఆ తెగ పెద్దల ముఖచిత్రాలు గీసినవాడు. దుబాసీ, చిత్రకారుడు, దారి చూసేవాడు అన్నీ అతనే. మల్లన్ నివేదికలో ఆ లోయలు ఎలా ఉంటాయో మనకు కనిపించేది చాలావరకు సోహన్ గీసిన బొమ్మల వల్లే.

వాలావాలా నుంచి మొదటి భాగం గడ్డి మైదానం. పెద్దగా తవ్వేది లేదు, బండ్లు వెళ్తే అదే దారి. కోర్ డలేన్ సరస్సు దగ్గర మొదటి నిర్ణయం ఎదురైంది. దక్షిణం నుంచి చుట్టాలా, ఉత్తరం నుంచా? ఉత్తరాన దట్టమైన అడవి. దక్షిణాన సెయింట్ జో నది లోయ, చదునుగా, తెరిపిగా ఉంది. ఎండాకాలంలో చూస్తే ఎవరైనా దక్షిణమే అంటారు. మల్లన్ కూడా అదే అన్నాడు.

అక్కడి నుంచి జెస్యూట్ మిషన్ దాటి, కోర్ డలేన్ నది వెంట పైకి, బిటర్‌రూట్ కొండలు ఎక్కి, అవతల సెయింట్ రీజిస్ బోర్జియా నది వెంట దిగుడు. ఇక్కడ గొడ్డలి ఆగలేదు. లోయ ఇరుకు. నది ఒకసారి ఈ కొండ పాదాన్ని ఒరుసుకుంటే ఇంకోసారి ఆ కొండ పాదాన్ని. దారి నదిని దాటుతూ పోవాల్సిందే. ఒక్క సెయింట్ రీజిస్ మీదే నలభైకి పైగా దాట్లు. మొత్తం మీద 120 మైళ్ల అడవిలో 25 అడుగుల వెడల్పున చెట్లు కొట్టారు. 30 మైళ్ల మేర మట్టినీ రాతినీ తవ్వి, 15 నుంచి 20 అడుగుల బాట చేశారు. డోజరు లేదు, ఆవిరి యంత్రం లేదు. గొడ్డలి, గునపం, పార, ఇద్దరు పట్టి లాగే రంపం, తుపాకిమందు.

చెట్టు కొట్టడం కన్నా మొద్దు తీయడం కష్టం. పెద్ద దేవదారు మొద్దును వేళ్లతో పెకలించాలంటే రోజులు పడుతుంది. కాబట్టి బండి ఇరుసు తగలనంత కిందికి నరికి వదిలేసేవారు. చిత్తడి నేలలో దుంగలను దారికి అడ్డంగా, ఒకదాని పక్కన ఒకటి పేర్చేవారు. బండి కూరుకుపోదు గానీ అందులో కూర్చున్నవాడి పళ్లు కదిలిపోతాయి. కొండవాలు మీద పైనుంచి తొలిచిన మట్టిని కిందివైపుకు తోసి అరుగు చేసేవారు. తొలిచిన భాగం గట్టిది, తోసిన భాగం వదులు. బండి బరువంతా లోపలివైపు పడేలా వాలు చూసుకోకపోతే మొదటి వానకే బయటి అంచు జారిపోతుంది. 1860 వేసవిలో క్లార్క్ ఫోర్క్ నది పక్కన ఒక కొండ కొమ్మును ఇలా తొలవడానికి దాదాపు 150 మందికి ఆరు వారాలు పట్టింది. దారి పొడవు చూస్తే ఆరు మైళ్లు.

ఆ మధ్యలో చలికాలం వచ్చింది. 1859 డిసెంబరుకు బృందం సెయింట్ రీజిస్ లోయలో చిక్కి, ‘జోర్డన్ విడిది’ పేరుతో గుడిసెలు వేసుకుంది. ఉష్ణమాపకం సున్నాకు 40 డిగ్రీలు కిందికి దిగింది. ఫారెన్‌హీటా సెంటిగ్రేడా అని అడగనక్కర్లేదు, రెండు కొలమానాలూ కలిసేది సరిగ్గా అక్కడే. పాదరసం గడ్డకట్టేది కూడా దాదాపు అక్కడే, కాబట్టి అంతకన్నా చలిని పాదరసం చెప్పనూ లేదు. మంచు కింద గడ్డి దొరకక పశువులు చచ్చిపోయాయి. ఉప్పుమాంసం మీద బతుకుతున్న మనుషులకు చిగుళ్లు వాచే స్కర్వీ పట్టుకుంది. తాజా కూరగాయల్లో దొరికే విటమిన్ సి లేకపోవడం వల్ల వచ్చే రోగం అది. విటమిన్ అనే మాట అప్పటికి పుట్టలేదు. మందు మాత్రం తెలుసు. మిషన్ తోటల నుంచి కూరగాయలు తెప్పించగానే జనం లేచి తిరిగారు. సామాను కదపడానికి గుర్రాలు లేకపోతే ఆదుకున్నది సాలిష్ ప్రజలు. వందకు పైగా గుర్రాలు పంపారు. వాళ్ల సాయం గురించి మల్లన్ తన నివేదికలో కృతజ్ఞతతోనే రాశాడు.

1860 ఆగస్టు 1న బృందం ఫోర్ట్ బెంటన్ చేరింది. దాదాపు నెల ముందు, జూలై 2న, చిప్పెవా, కీ వెస్ట్ అనే రెండు స్టీమర్లు మొట్టమొదటిసారిగా అక్కడిదాకా ఎక్కొచ్చాయి. వాటిలోంచి దిగిన మేజర్ బ్లేక్, 300 మంది కొత్త సిపాయిలు కొత్త దారిన పడి 57 రోజుల్లో వాలావాలా చేరారు. అనుకున్నది జరిగింది. దారి మొదలు నుంచి చివరిదాకా అంత పెద్ద సైనిక దళం నడవడం అదే మొదలు, దాదాపు అదే ఆఖరు కూడా. మరుసటి వేసవిలో చిప్పెవా స్టీమరు కథ ముగిసింది. సరుకులో ఉన్న సారాయి దొంగతనంగా తాగబోయిన కళాసీల కొవ్వొత్తి నుంచి నిప్పంటుకుంది. పక్కనే తుపాకిమందు ఉంది.

మొదటి వసంతంలోనే దక్షిణపు దారి సంగతి తేలిపోయింది. కొండల మీద మంచు కరిగి సెయింట్ జో నది పొంగింది. ఎండాకాలంలో తెరిపిగా కనిపించిన లోయ సరస్సు అయింది. ఆ తెరిపికి అసలు కారణం ఇదే. ఏటా మునిగే నేలలో చెట్లు మొలవవు. అడవి లేకపోవడాన్ని సౌకర్యం అనుకున్నారు, అది వరద గీసిన గీత. వాతావరణాన్ని అంత శ్రద్ధగా చదివిన మల్లన్ ఈ ఒక్క చోట చెట్టు చెప్పే మాట వినకపోవడం ఆశ్చర్యం. సమర్థించేవాళ్లు తొందర అంటారు, డబ్బు లేదంటారు. రెండూ నిజమే. 1861లో తిరిగి వచ్చి, మళ్లీ మంజూరైన లక్షలోంచి, సరస్సుకు ఉత్తరాన ఉన్న అడవిలోంచే కొత్తగా దారి కొట్టించాడు. ఆ దారిలోని ఒక లోయలో పని చేస్తుండగా జూలై 4, అమెరికా స్వాతంత్ర్య దినం వచ్చింది. లోయకు ‘ఫోర్త్ ఆఫ్ జూలై’ అనే పేరు నిలిచిపోయింది.

మొత్తం ఖర్చు 2,30,000 డాలర్లు, మైలుకు 370 డాలర్లు కూడా కాలేదు. తూర్పున రాళ్లు పరిచి కట్టిన జాతీయ రహదారికి మైలుకు వేల డాలర్లు పట్టాయి. చవకకు ఫలితం చవకగానే వచ్చింది. చెక్కవంతెనలు ప్రతి వసంతం వరదకు కొట్టుకుపోయేవి. నరికిన గట్ల పక్కన నిలిచిన చెట్లు గాలికి దారికి అడ్డంగా కూలేవి. వాటిని తీసేందుకు కాంగ్రెస్ ఒక్క డాలరు కేటాయించలేదు. అంతర్యుద్ధం వచ్చింది, సైన్యం దృష్టి అటు పోయింది. దారి వేయడానికి డబ్బిచ్చి, నిలబెట్టడానికి ఇవ్వకపోవడం ఆ కాంగ్రెస్ ఒక్కదాని అలవాటు కాదనుకోండి.

దాన్ని వాడినవాళ్లు సైనికులు కారు, బంగారం వెతికేవాళ్లు. 1862లో బానక్ దగ్గర, 1864లో లాస్ట్ ఛాన్స్ గల్చ్ దగ్గర బంగారం దొరకగానే కంచరగాడిదల బారులు వాలావాలా నుంచి కదిలాయి. బండి దారి కంచరగాడిద బాటగా మారింది. వంతెన లేకపోయినా కంచరగాడిద వాగు దాటుతుంది, చెట్టు పడితే చుట్టి పోతుంది. కొంతకాలం ఒంటెలను కూడా దించి చూశారు. వాటి వాసనకు గుర్రాలూ గాడిదలూ బెదిరి కొండ అంచుల మీద చెల్లాచెదురయ్యేవి, ఆ ప్రయోగం ఎక్కువ కాలం నిలవలేదు. మల్లన్ 1865లో గని కూలీల కోసం, బాటసారుల కోసం ఒక మార్గదర్శి పుస్తకం వేశాడు. కట్టెలు, నీళ్లు, గడ్డి ఎక్కడ దొరుకుతాయో మజిలీ మజిలీకి చెప్పే పుస్తకం.

మల్లన్ నివేదికలో ఇంజనీర్ల కన్నా వాతావరణ శాస్త్రజ్ఞులను ఆకర్షించే భాగం ఒకటుంది. ఫోర్ట్ బెంటన్ చుట్టుపక్కల, అంత ఉత్తరాన, చలికాలం ఉండాల్సినంత కఠినంగా లేదని గమనించాడు. దక్షిణ మైదానాల నుంచి వేడిగాలి ఒక నదిలా పైకి పారి వస్తున్నదని సిద్ధాంతం చేశాడు. గమనింపు నిజం, వివరణ తప్పు. గాలి వచ్చేది పసిఫిక్ నుంచి. తడిగాలి రాకీలను పడమటి వైపున ఎక్కుతూ చల్లబడుతుంది, తేమ వానగానో మంచుగానో రాలుతుంది. ఆవిరి నీరుగా మారేటప్పుడు వేడి వదులుతుంది కాబట్టి ఎక్కేటప్పుడు కిలోమీటరుకు 6 డిగ్రీలో అంతకు తక్కువో మాత్రమే చల్లబడుతుంది. తూర్పున దిగేటప్పుడు ఆ గాలి పొడిది, కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. ఎక్కినప్పుడు పోయినదానికన్నా దిగినప్పుడు వచ్చేది ఎక్కువ. దీన్నే చినూక్ అంటారు. ఎంత వేడెక్కుతుందో చెప్పడానికి ఫోర్ట్ బెంటన్‌కు దగ్గర్లోనే ఉన్న లోమా గ్రామం చాలు. 1972 జనవరి 14, 15 తేదీల్లో, ఒకే రోజు వ్యవధిలో, అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 48 డిగ్రీల సెల్సియస్ నుంచి సున్నాకు ఎగువ 9 డిగ్రీలకు ఎగబాకింది. 24 గంటల్లో ఇంత మార్పు ప్రపంచంలో మరెక్కడా నమోదు కాలేదు.

1877లో జనరల్ షెర్మన్ ఆ దారిన వాలావాలాకు వెళ్లేసరికి కోర్ డలేన్ కొండల్లో కూలిన చెట్ల కింద బాట కనిపించని స్థితి. మరుసటి ఏడాది సరస్సు ఒడ్డున కోట కట్టారు, కొంత బాగుచేశారు. 1883లో నార్తర్న్ పసిఫిక్ రైలు వచ్చింది. జలవిభాజకం దగ్గర మల్లన్ కనుమనే నమ్ముకుని సొరంగం తవ్వింది. బిటర్‌రూట్ కొండల దగ్గర మాత్రం మల్లన్ దారి వదిలేసి, క్లార్క్ ఫోర్క్ నది వెంట పాండ్‌రే సరస్సు వైపు చుట్టు తిరిగి పోయింది. దూరం ఎక్కువైనా ఎగుడు తక్కువ. రైలింజనుకు దూరం కన్నా ఎగుడే శత్రువు. మల్లన్ ఆ లోయను ఎరిగినవాడే, ఒకప్పుడు తూకం వేసి పక్కన పెట్టినవాడే.

మోటారు వాహనానికి తూకం మళ్లీ మారింది. ఇంజను బలం పెరిగితే ఎగుడు భయం తగ్గుతుంది, దూరం తగ్గించుకోవడం ముఖ్యమవుతుంది. సియాటిల్ నుంచి బోస్టన్ దాకా పోయే అంతర్రాష్ట్ర రహదారి 90, మిసూలా నుంచి కోర్ డలేన్ దాకా చాలావరకు మల్లన్ ఎంచుకున్న లోయల్లోనే నడుస్తుంది: సెయింట్ రీజిస్ వెంట పైకి, 4,700 అడుగుల లుకౌట్ కనుమ మీదుగా, ఫోర్త్ ఆఫ్ జూలై లోయలోంచి. మంచు తీసే యంత్రాలు చలికాలమంతా తిరుగుతూనే ఉండాలి. ఇరుకు కూడా మారలేదు. ఐడహోలో వాలెస్ అనే వెండిగనుల ఊరు కొండల మధ్య ఎంత ఇరుకులో ఉందంటే, రహదారి ఊరి వీధిలోంచే పోవాల్సి వచ్చింది. సియాటిల్, బోస్టన్‌ల మధ్య ఆ రహదారి మీద మిగిలిన ఆఖరి ట్రాఫిక్ సిగ్నల్ అక్కడే ఉండేది. పాత భవనాలు కూల్చనివ్వమని ఊరు పట్టుబట్టి, మొత్తం ఊరి నడిబొడ్డును చారిత్రక కట్టడాల జాబితాలోకి ఎక్కించుకుంది. దాంతో ఇంజనీర్లు రహదారిని స్తంభాల మీదికి ఎత్తి, కొండ అంచున పట్టించాల్సి వచ్చింది. 1991లో అది తెరుచుకుంది. ఊరివాళ్లు ఆ సిగ్నల్‌ను శవపేటికలో పెట్టి ఊరేగించి, ఆ తర్వాత మ్యూజియంలో ఉంచారు.